ఎవరు ఎవరికి బాకీ? 22 పేజీల్లో చిక్కుపడ్డ ఒక గ్యాంగ్ వార్ సంచిక

నేపథ్యం

ఇది ఒక స్వతంత్ర సూపర్‌హీరో కామిక్ సిరీస్‌లో ఏడో సంచిక సంగతి. అమెరికాలోని కామిక్ షాపుల కోసం ఇంగ్లిష్‌లో తయారయ్యే సిరీస్ అది. రచయిత అక్కడే ఉంటారు. బొమ్మలు వేసే ఆర్టిస్ట్ ఇంకో దేశంలో ఉంటారు. నేను హైదరాబాద్ నుంచి స్క్రిప్ట్ ఎడిటింగ్ చేస్తాను. సిరీస్ పేరు చెప్పడం లేదు, ఊరూ పాత్రల వివరాలూ మార్చాను. కథ ఎక్కడ ముడిపడింది, దాన్ని ఎలా విప్పాం అన్నది మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

హీరో ఆకాశంలో ఎగిరే రకం కాదు. రేవు పట్నంలో పగలు అంబులెన్స్‌లో పనిచేస్తాడు, రాత్రి ముసుగు వేసుకుని వీధుల్లో తిరుగుతాడు. ఆరో సంచిక చివర్లో రేవును గుప్పిట్లో పెట్టుకున్న పెద్ద డాన్‌ని జైలుకి పంపిస్తాడు. ఏడో సంచికలో ఖాళీ అయిన ఆ కుర్చీ కోసం కొట్లాట మొదలవుతుంది.

ఈ ఎత్తుగడ కొత్తదేమీ కాదు, అందులో తప్పూ లేదు. 1987లో స్పైడర్‌మ్యాన్ పత్రికలో 284 నుంచి 288 సంచికల వరకూ నడిచిన గ్యాంగ్ వార్ కూడా ఆ కథలోని పెద్ద డాన్ కింగ్‌పిన్ ఊళ్లో లేకపోవడంతోనే రాజుకుంది. పెద్దవాడు పక్కకి తప్పుకుంటే చిన్నవాళ్లంతా లేస్తారు. తేడా ఒక్కటే: వాళ్లకి ఐదు సంచికలు దొరికాయి, మా రచయిత అదే బరువుని ఒక్క సంచికలో ఎత్తాలనుకున్నారు. అమెరికా నెలవారీ కామిక్‌కి చాలా ఏళ్లపాటు 22 పేజీలే లెక్క. డీసీ అనే పెద్ద కామిక్స్ సంస్థ 2011లో దాన్ని 20కి దించింది. మా సిరీస్ పాత లెక్కలోనే నడుస్తోంది.

సమస్య ఏ రూపంలో వచ్చింది

స్క్రిప్ట్‌లో మూడు ముఠాలున్నాయి. జైలుకెళ్లిన డాన్ మేనల్లుడు నడిపే రేవు ముఠా ఒకటి. చిన్న వ్యాపారులకి అధిక వడ్డీకి అప్పులిచ్చి పీల్చే వడ్డీ ముఠా రెండోది. మాదకద్రవ్యాలు అమ్మే కుర్ర ముఠా మూడోది. వీటి మధ్య లంచాలు తినే డిటెక్టివ్, తెర వెనక నుంచి రేవుని కొనడానికి చూస్తున్న అజ్ఞాత వ్యక్తి, తొమ్మిదో సంచికలో బయటపడాల్సిన ముసుగు విలన్, హోటల్ నడుపుతూ అప్పుల్లో కూరుకుపోయిన హీరో అక్క. పేరుండి మాట్లాడే పాత్రలు పంతొమ్మిది. హీరో కనిపించేది ఏడు పేజీల్లో.

మొదట ఫిర్యాదు చేసింది ఆర్టిస్టే. థంబ్‌నెయిల్స్ (పేజీల చిన్న చిత్తు బొమ్మలు) దశలోనే ఆయన అడిగిన ప్రశ్న ఇది: "సూట్లు వేసుకున్న మగవాళ్లు టేబుల్ చుట్టూ కూర్చునే సీన్లు నాలుగున్నాయి. ఏ టేబుల్ ఎవరిదో నేను ఎలా చూపించాలి?" బొమ్మ గీసేవాడికే తేడా తెలియకపోతే చూసేవాడికి ఎలా తెలుస్తుంది? కామిక్ స్క్రిప్ట్‌లో జబ్బుని ముందుగా పట్టుకునేది ఎప్పుడూ ఆర్టిస్టే అని నా నమ్మకం. రచయిత తలలో పాత్రలకి చరిత్ర ఉంటుంది, ఆర్టిస్ట్ చేతిలో ముక్కూ మొహమే ఉంటాయి.

రఫ్ బొమ్మలతో కొందరు పాఠకుల చేత చదివించాం. అందరినీ ఒకటే అడిగాం: కథలో కాలిపోయే గిడ్డంగిని ఎవరు తగలబెట్టారు, ఎందుకు? దాదాపు ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్పారు. నన్ను ఆలోచనలో పడేసింది ఆ తప్పు జవాబులు కాదు. "ఎవరైతే ఏంటి?" అన్నారు ఒకరు. అర్థం కాకపోవడం ఒక జబ్బు, అక్కర లేకపోవడం ఇంకో జబ్బు. రెండింటికీ ఒకే మందు పనిచేస్తుందో లేదో అప్పటికి తెలియదు. కానీ ముందు నయం చేయాల్సింది రెండోదే అనిపించింది. అక్కర ఉన్న పాఠకుడు అర్థం కాకపోతే వెనక్కి తిప్పి చదువుతాడు. అక్కర లేనివాడు పుస్తకం మూసేస్తాడు.

ఏమేం ప్రయత్నించాం

రచయితకి మొదట తోచింది పరిచయ పేజీ. మన వారపత్రికల సీరియల్స్‌లో పైన 'జరిగిన కథ' అని ఉండేది కదా, అమెరికా కామిక్స్‌లోనూ లోపలి కవర్ మీద అలాంటిది వేస్తారు. దానికి తోడు మూడు ముఠాల మొహాలూ, పేర్లూ, రేవు మ్యాపూ పెడదామన్నారు. నేను ఒప్పుకున్నాను. ఖర్చు తక్కువ, కథని ముట్టుకోనక్కర్లేదు. చిన్న మందుతో పోయే జబ్బుకి కత్తి ఎందుకు?

అది పోలేదు. పాఠకులు ఆ పేజీని చూసి తిప్పేశారు. శ్రద్ధగా చదివిన ఒకరిద్దరు పేర్లు సరిగ్గా చెప్పగలిగారు కానీ గిడ్డంగి ప్రశ్న దగ్గర వాళ్లూ ఆగిపోయారు. 'జరిగిన కథ' అనేది ముందే కథలో ఉన్నవాడికి జ్ఞాపకం చేయడానికి పనికొస్తుంది. కథలోకి ఇంకా రానివాడిని లోపలికి లాక్కురాలేదు.

రెండోది రంగులు. కలరిస్ట్ రేవు ముఠా సీన్లకి నీలం, వడ్డీ ముఠాకి గోధుమ, కుర్ర ముఠాకి నియాన్ గులాబీ ఇచ్చారు. దీంతో కొంత మేలు జరిగింది, చివరి పుస్తకంలోనూ ఇది ఉంది. ఇప్పుడు మనం ఎవరి ఇలాకాలో ఉన్నామో పేజీ తిప్పగానే తెలిసిపోతుంది. కానీ రంగు 'ఎవరు' అన్నదానికే జవాబిస్తుంది, 'ఎందుకు' అన్నదానికి ఇవ్వదు.

మూడోది కోత. కుర్ర ముఠాని పూర్తిగా తీసేసి ఇద్దరి పోరు చేద్దామన్నది ప్రతిపాదన. ఎడిటర్‌గా నాకూ ఇది సహజంగానే తోచింది: ఎక్కువైతే తగ్గించు. కాగితం మీద తీసి చూశాం. రెండు కారణాల వల్ల నిలబడలేదు.

ఒకటి కథకి సంబంధించినది. ఇద్దరే ఉంటే ప్రతి దాడికీ దోషి ముందే తెలిసిపోతుంది. గిడ్డంగి కాలిందంటే రెండోవాడే కాల్చాడు. అనుమానానికి చోటు లేదు, హీరో కనుక్కోవాల్సింది ఏమీ లేదు. గ్యాంగ్ వార్ కథకి మూడోవాడు కావాలి. నేరం మోపడానికి ఒకడుండాలి.

రెండోది పేజీల లెక్క. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సినిమా, నవల వైపు నుంచి కామిక్స్‌కి వచ్చేవాళ్లు దీన్ని గమనించరు. అచ్చు కామిక్‌లో ఒకటో పేజీ కుడివైపు ఉంటుంది. రెండూ మూడూ ఎదురెదురుగా, నాలుగూ ఐదూ ఎదురెదురుగా. అంటే పాఠకుడు కాగితం తిప్పిన ప్రతిసారీ ముందుగా కంట పడేది సరిసంఖ్య పేజీ. గుండె ఝల్లుమనాల్సిన ఏ దృశ్యమైనా అక్కడే పెట్టాలి. మా స్క్రిప్ట్‌లో డిటెక్టివ్ మొహం బయటపడేది 14వ పేజీ మొదటి ప్యానెల్‌లో (పేజీలోని ఒక్కో బొమ్మ గడిని ప్యానెల్ అంటారు). 13వ పేజీ ఆఖరి ప్యానెల్‌లో కారు అద్దం దిగుతూ ఉంటుంది, కాగితం తిప్పితే మొహం. ఇప్పుడు ముందున్న పేజీల్లో ఒక్కటి తీసేస్తే ఆ మొహం 13కి, కుడివైపుకి వచ్చేస్తుంది. పాఠకుడు ఎడమ పేజీలో అద్దం దిగడం చదువుతున్నప్పుడే ఓరకంట ఎదురు పేజీలో మొహం కనిపించిపోతుంది. కుర్ర ముఠా సీన్లు అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉన్నాయి. వాటిని తీస్తే మిగతా మలుపులన్నీ పక్కకి జరిగిపోయాయి. అందుకే కోస్తే రెండేసి పేజీలుగా కోయాలి, లేదా కోసినచోట ఇంకో పేజీ నింపాలి. ఫోన్‌లో చదివేవాళ్లకి ఈ గొడవ లేదు కానీ మా పుస్తకం మొదట అమ్ముడయ్యేది షాపులో.

నాలుగోది లెవిట్జ్ గ్రిడ్. పాల్ లెవిట్జ్ ఇరవై మందికి పైగా హీరోలున్న లీజియన్ ఆఫ్ సూపర్‌హీరోస్ అనే కామిక్ రాసినవారు. అన్ని కథలు ఒకేసారి నడపడానికి ఆయన వాడిన పట్టికని కామిక్స్ రచయిత, ఎడిటర్ డెనీ ఓనీల్ కామిక్స్ రచన మీద రాసిన తన పుస్తకంలో వివరించారు. ఒక పక్క సంచికలు, ఇంకో పక్క కథాపాయలు. ఈ నెల పెద్ద కథగా నడిచేది ముగిసేలోపు, కింద చిన్నగా ఉన్న పాయ మెట్టు మెట్టుగా పైకొచ్చి వచ్చే నెల పెద్ద కథ అవుతుంది. మా ఏడో సంచికని ఈ పట్టికలో వేసి చూస్తే జబ్బు మొదటిసారి కళ్లకి కట్టింది. ఐదు పాయలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. ప్రతి దానికీ ఇంచుమించు నాలుగు పేజీలు. ఏదీ పెద్దది కాదు, ఏదీ చిన్నది కాదు.

అయితే దేన్ని పైకి లేపాలో గ్రిడ్ చెప్పదు. లెవిట్జ్‌కి ఆ చిక్కు లేదు. ఆయన పాయలన్నిటిలోనూ హీరోలే ఉండేవాళ్లు. మా పాయల్లో మూడింటిలో హీరో నీడ కూడా లేదు.

ఏది పనిచేసింది

దారి దొరికింది ఒక పాత చరిత్రలో. రచయితని కాసేపు స్క్రిప్ట్ పక్కన పెట్టి 1930, 31 ప్రాంతంలో న్యూయార్క్‌లో జరిగిన కాస్టెల్లమ్మరేసే యుద్ధం గురించి చదవమన్నాను. జో మస్సేరియా, సాల్వతోరే మరాంజానో అనే ఇద్దరు మాఫియా పెద్దల మధ్య పోరు అది. 1931 ఏప్రిల్ 15న కోనీ ఐలండ్‌లో ఒక రెస్టారెంట్‌లో మస్సేరియాని చంపారు. చంపించింది శత్రువు మనుషులని పైకి అనిపిస్తుంది కానీ అతన్ని అప్పగించింది సొంత అనుచరుడు లక్కీ లుచియానో. అదే ఏడాది సెప్టెంబర్ 10న, గెలిచానని అనుకుంటున్న మరాంజానోని అతని ఆఫీసులోనే, ప్రభుత్వాధికారుల వేషంలో వచ్చినవాళ్లు చంపేశారు. దాని వెనకా లుచియానోనే.

మా స్క్రిప్ట్‌లో ఉన్న లోపం దీని పక్కన పెడితే తేటగా కనబడింది. మా ముఠాలన్నీ బయటి శత్రువు మీదకే దూకుతున్నాయి. ఎవరికీ సొంత ఇంట్లో దొంగ లేడు. ఫ్యాక్షన్ కథలతో పెరిగిన తెలుగు పాఠకుడికి ఇది వేరే చెప్పక్కర్లేదు: పక్క ఊరివాడి కత్తికంటే జీపులో పక్కన కూర్చున్నవాడి మౌనం ప్రమాదం. అక్కడ పాత్రలు ఎన్ని ఉన్నా మనం తికమకపడం. ఎందుకంటే ఎవరి మీద ఎవరికి ఏ పగ ఉందో, ఎవరి ప్రాణం ఎవరు కాపాడారో మొదటే తెలుస్తుంది. పాఠకుడు గుర్తుపెట్టుకునేది పేర్లని కాదు, బాకీలని.

అందుకని ముగ్గురం వీడియో కాల్‌లో కూర్చుని ఒక తెల్ల పేజీ మీద పాత్రల పేర్లు రాసి బాణాలు గీశాం. ప్రతి బాణం ఒక బాకీ: డబ్బు, ప్రాణం లేదా నోరు మూసుకుని ఉండటం. షరతు ఒక్కటే పెట్టాను. బాణం పట్టుకుని నడిస్తే రెండు అంగల్లో హీరో దగ్గరికి చేరాలి. చేరని పాత్ర ఈ సంచికలో ఉండటానికి వీల్లేదు. రెండే ఎందుకంటే, మూడో అంగకి పాఠకుడు 'అసలు ఇది ఎక్కడ మొదలైంది' అని వెనక్కి తిరగాల్సి వస్తుంది. 22 పేజీల్లో అంత తీరిక ఉండదు.

ఫలితం రచయితనే ఆశ్చర్యపరిచింది. ముసుగు విలన్ మీదకి ఒక్క బాణం కూడా రాలేదు. రేవుని కొనాలని చూసే అజ్ఞాత వ్యక్తి నుంచి బాణాలు బయటికి పోతున్నాయి కానీ హీరో దాకా రావడం లేదు. డాన్ కుడిభుజంగా ఉండే అనుచరుడు (మొదటి స్క్రిప్ట్‌లో అతనికి రెండే డైలాగులు) నుంచి మాత్రం హీరో దాకా బాణం రావడానికి ఒక దారి కనబడింది. ఎందుకంటే ఆరో సంచికలో డాన్‌ని పట్టించిన సమాచారం డిటెక్టివ్ ద్వారా హీరోకి చేరింది. ఆ సమాచారం డిటెక్టివ్‌కి ఎవరిచ్చారన్నది రచయిత ఎక్కడా రాయలేదు.

"ఆ ఇచ్చింది ఇతనే అయితే?" అన్నారు ఆర్టిస్ట్.

కథ అక్కడ తిరిగింది. అనుచరుడూ, అజ్ఞాత కొనుగోలుదారూ ఒకే మనిషి అయ్యారు. డాన్‌ని దించింది హీరో కాదు, హీరో చేత దింపించారు. గిడ్డంగిని తగలబెట్టింది బయటి ముఠా కాదు, ఆ అనుచరుడే. నింద కుర్ర ముఠా మీద వేశాడు. ఇప్పుడు ఊళ్లో కాలే ప్రతి కారుకీ హీరో కొంత బాకీ పడ్డాడు. "ఎవరైతే ఏంటి?" అన్న పాఠకుడికి ఇదే మా జవాబు.

విడ్డూరం ఏమిటంటే, మేం ఏ ముఠానీ తీసేయలేదు. మూడూ ఉన్నాయి. మాట్లాడే పాత్రలు మాత్రం పదకొండుకి వచ్చాయి, హీరో ఉన్న పేజీలు పద్నాలుగయ్యాయి.

ఒక పేజీని దగ్గరగా చూపిస్తాను. పాత 10వ పేజీలో తొమ్మిది ప్యానెల్స్. ముగ్గురు ముఠా నాయకులు మూడు చోట్ల నుంచి ఫోన్లలో మాట్లాడుకుంటారు. ఎవరు ఎవరికి అప్పున్నారో మాటల్లో చెప్పేస్తారు. పాతకాలపు సూపర్‌మ్యాన్ ఎడిటర్ మోర్ట్ వైజింగర్ పెట్టిన కొలత ఒకటుంది, కామిక్స్ రచయిత అలన్ మూర్ ఇంటర్వ్యూల్లో దాని గురించి చెప్పారు: ప్యానెల్‌కి 35 మాటలు, ఆరు ప్యానెల్స్ పేజీకి 210. ఈ పేజీ ఆ కొలతని దాటేసింది. మాటల బెలూన్లు పోను మొహాలకి మిగిలింది గోళ్లంత జాగా.

కొత్త 10వ పేజీలో ఐదు ప్యానెల్స్. అక్క హోటల్ కౌంటర్. హీరో అంబులెన్స్ యూనిఫామ్‌లోనే ఉండి కప్పులు కడుగుతున్నాడు. వడ్డీ ముఠా మనిషి వారం వసూలుకి వచ్చి నోట్‌బుక్ కౌంటర్ మీద పెడతాడు. పేజీ తిప్పుతాడు. నాలుగో ప్యానెల్ మొత్తం ఆ నోట్‌బుక్కే: అక్క పేరు, అంకె, దానికి రెండు వరసల పైన రేవు అనుచరుడి పేరు, అతని అప్పు మీద అడ్డంగా కొట్టేసిన గీత. ఐదో ప్యానెల్‌లో కప్పు మీద ఆగిపోయిన హీరో చెయ్యి. ఈ పేజీలో ఉన్న మాటలు పాతదాంట్లో నాలుగో వంతు కూడా ఉండవు. కానీ అంత పెద్ద అప్పు అతను ఒక్కసారిగా ఎలా తీర్చాడన్న ప్రశ్న హీరోకీ పాఠకుడికీ ఒకే క్షణంలో పుడుతుంది. డాన్ జైలుకెళ్లిన వారానికే ఆ గీత పడిందని నోట్‌బుక్‌లోని తేదీ చెబుతుంది. ఆర్టిస్ట్ ఆ తేదీని తన చేత్తోనే రాశారు, అక్షరాలు వేసే లెటరర్‌కి వదల్లేదు. ఫాంట్‌లో ఉంటే అది సమాచారంలా కనిపిస్తుందనీ, చేతిరాతలో ఉంటే సాక్ష్యంలా కనిపిస్తుందనీ ఆయన వాదన. ఆయన మాటే నెగ్గింది, నెగ్గాల్సిందే కూడా.

పేజీల సంఖ్య 22 దగ్గరే ఉంది కాబట్టి కాగితం తిప్పే మలుపులని కాపాడుకోగలిగాం. డిటెక్టివ్ మొహం 14లోనే ఉండిపోయింది. అనుచరుడి గుట్టు 18లో పెట్టాం.

అన్నీ కుదరలేదు

ముసుగు విలన్‌ని తొమ్మిదో సంచికకి పంపేద్దామంటే రచయిత అడ్డం తిరిగారు, ఆయన దగ్గర న్యాయమే ఉంది. అమెరికాలో షాపులవాళ్లు కామిక్స్‌ని నెలల ముందే కేటలాగ్ చూసి ఆర్డర్ పెడతారు, అమ్ముడుపోని కాపీలు మామూలుగా వెనక్కి పోవు. విలన్ బొమ్మతో కవర్ అప్పటికే ప్రకటించేశారు. కవర్ మీద ఉన్నవాడు లోపల లేకపోతే షాపువాడు నష్టపోతాడు, తర్వాతి సంచికకి నమ్మకం పోతుంది. అందుకని విలన్‌కి ఆఖరి పేజీ ఇచ్చాం. అనుచరుడు తన బాకీ తీర్చడానికి వెళ్లే మనిషి అతనే. దాంతో అతని మీదకి కూడా ఒక బాణం వచ్చింది. అయినా ఆ పేజీ అతికించినట్టే ఉంటుందని నా అభిప్రాయం.

డిటెక్టివ్ ఇంటి గొడవలు రెండు పేజీలుండేవి. అవి బాగా రాసిన పేజీలు. ఎనిమిదో సంచికకి వెళ్లాయి. ఆయన ఎందుకు లంచాలకి దిగాడో తెలియక ఏడో సంచికలో ఆ పాత్ర పలచబడింది. మళ్లీ చదివించినప్పుడు గిడ్డంగి ప్రశ్నకి పాఠకులు సరైన జవాబే చెప్పారు, కానీ డిటెక్టివ్ గురించి అడిగితే 'చెడ్డ పోలీసు' అనేసి ఊరుకున్నారు. తెలిసి పెట్టుకున్న నష్టం అది. రెండు పాయలకి ఒకేసారి ప్రాణం పోసే చోటు లేదు.

నేర్చుకున్నది

చిక్కుపడ్డ ముఠా కథ వచ్చినప్పుడు ఇప్పుడు నేను పాత్రల సంఖ్య జోలికి మొదటే పోవడం లేదు. బాకీల పటం గీయించి, హీరో నుంచి ఎవరు ఎంత దూరంలో ఉన్నారో చూస్తాను. తీసేయాల్సినవాళ్లకంటే కలిపేయాల్సినవాళ్లు ఎక్కువగా దొరుకుతారు. రెండు పాత్రలు ఒకే పని చేస్తున్నాయంటే చాలాసార్లు రచయిత లోపల అవి ముందు నుంచీ ఒకే మనిషి.

రంగులు, పరిచయ పేజీ లాంటివి పనికిమాలినవని అనను. కారణాలు కుదిరాక అవి బాగా పనిచేస్తాయి. మా చివరి పుస్తకంలో 'జరిగిన కథ' మూడు వాక్యాలే. మ్యాప్ లేదు, మొహాల వరస లేదు.

ఆర్టిస్ట్‌ని స్క్రిప్ట్ ముగిశాక కాకుండా అవుట్‌లైన్ దశలోనే కూర్చోబెట్టాలి. సొంత సిరీస్ చేసుకునే చిన్న టీమ్‌లో దీనికి డబ్బు గురించి ముందే మాట్లాడుకోవాలి. అవుట్‌లైన్ మీటింగులకి పేజీ రేటు ఉండదు, ఆయన సమయం ఊరికే పోకూడదు. మా రచయిత ఎనిమిదో సంచిక నుంచి ఆ సమయానికి విడిగా ఇస్తున్నారు, కథ కింద ఆర్టిస్ట్ పేరు కూడా వేస్తున్నారు.

ఈ రెండంగల షరతు ఒకే హీరో ఉన్న వీధి కథలకి మాత్రమే. పది మంది హీరోల టీమ్ పుస్తకంలో దీన్ని వాడితే ప్రతివాడూ ఎవరో ఒకరికి రెండంగల్లోనే ఉంటాడు కాబట్టి పటం ఏమీ చెప్పదు. అక్కడ లెవిట్జ్ గ్రిడ్‌తోనే మొదలుపెట్టాలి. పన్నెండు సంచికల పొడుగు కథలోనూ మూడో అంగ, నాలుగో అంగ పెట్టుకోవచ్చు, పాఠకుడికి వాటిని నడిచే తీరిక ఉంటుంది.